మన తోడుకి మన రంగు

2011 డిసెంబరులో వచ్చిన 'స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్' ఆడినవాళ్ళకి ఈ తమాషా తెలిసే ఉంటుంది. సిత్ వారియర్‌గా ఆడే ప్రతివాడికీ మొదట దొరికే తోడు వెట్. అందరూ చేరే ఫ్లీట్‌కి వెళ్తే పదిమంది వారియర్ల వెనక పది వెట్‌లు, పెళ్ళిలో ఒకే తానులోంచి కుట్టించిన బట్టలేసుకున్న పిల్లల్లా! రూపం మార్చే కిట్లు ఇచ్చారు, బాగుంది. కానీ 2012 నవంబరులో ఆట ఉచితమయ్యాక కార్టెల్ మార్కెట్ తెరిచి కొన్ని రూపాల్ని డబ్బుకి అమ్మారు. నాకు నచ్చనిది ఇదే.

'ఫైనల్ ఫాంటసీ 14' చూడండి. మన చొకోబో పక్షికి పళ్ళు తినిపిస్తే ఈకల రంగు మారుతుంది. ఒక్కో పండు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్ని ఐదేసి పెంచడమో తగ్గించడమో చేస్తుంది. అంటే మన ఆర్‌జీబీయే! లెక్క కట్టి, తినిపించి, ఆరు గంటలు ఆగాలి. అలా వచ్చిన రంగు చూస్తే "ఇది నాది" అనిపిస్తుంది.

కంపెనీ కూడా బతకాలిగా అంటారా? నిజమే, తళుకుబెళుకులు అమ్ముకోండి. కానీ వందల గంటలు మన పక్కన పోరాడిన తోడుని పదిమందిలో గుర్తుపట్టే వీలు మాత్రం ఆటలోనే సంపాదించుకునేలా ఉండాలి. మీరేమంటారు?