వీధిని గీచి మనిషిని మరచుట

పాత నగరపు వీధిని నల్లసిరాతో గీచి, పైన మార్కరు కలముతో పలుచని రంగులద్దిన చిత్రములకు నేడు ఆదరము మెండు. సూరత్ నగరమును గీయువారికి ఇష్టమైన స్థలములు కొన్ని కలవు. తాపీ నది యొడ్డున 16వ శతాబ్దమునాటి కోట, దాని చెంత చౌక్ బజారు, అటనుండి భాగళ్ మీదుగా సాగు రాజమార్గము, షాజహాను కాలమున 1644లో కట్టబడి నేడు నగరపాలక కార్యాలయముగా నున్న మొగలు సరాయి. చెక్కడపు దూలములు, వ్రేలాడు వసారాలు, తీగెలమీది కాకులు, అన్నియు చిత్రమున ఓపికగా గీయబడును. వాని క్రింద కొన్ని నల్లని చుక్కలుండును. జనసమ్మర్దమన్న పేరు ఆ చుక్కలకే.

వివాదమంతయు ఈ చుక్కలను గూర్చియే. వీధి క్రిక్కిరిసి యున్నదని చిత్రకారుడు చెప్పును. ఎవరితో క్రిక్కిరిసినదో చెప్పడు. కిటికీకి ఎన్ని కమ్ములున్నవో లెక్కించిన కన్ను, ఆ కిటికీ క్రింద బట్టల మూటను మోయు కూలివాని మెడను చూడదు.

ఇట్టి చిత్రమును కొనువాడు దానిని పురాతనమని మెచ్చుకొనును. మార్కరు కలము జనసామాన్యమునకు అందివచ్చినది 1950, 1960 దశకములలో. కావున ఆ చిత్రము ఎంత పాతదైనను మొగలుల నాటిది కాజాలదు. సూరత్ మరమగ్గముల నగరముగా పెరిగినదియు ఇంచుమించు ఆ దశకములలోనే. చిత్రమునకును మగ్గమునకును వయసు సమానమైనను, చిత్రములో మగ్గపు జాడ లేదు. కాగితపు పసుపుదనమును చూచి చూపరి చరిత్రను దర్శించితినని మురియును. చౌకరకపు కొయ్యగుజ్జు కాగితము గాలియు వెలుతురును తగిలి మాగిన రంగది. నగరపు చరిత్రతో దానికి సంబంధమే లేదు.

సామగ్రిని గూర్చి మరియొక మాట. దీపపు మసితో చేసిన నల్లసిరా తరతరములు నిలుచును. మార్కరులోని పెక్కు రంగులు వెలుగు సోకినకొలది వెలిసిపోవును. గోడలను సిరాతోను, జనుల చీరలను తలపాగలను మార్కరుతోను వేసినచో, కొంతకాలమునకు గోడలు మిగులును, జనులు మాయమగుదురు. రంగు వెలియుట దాని స్వభావము. గోడకు సిరాను, మనిషికి వెలిసిపోవు రంగును పంచియిచ్చినది మాత్రము గీచిన చేయి.

ఆ మాయమైన జనులెవరు? రింగు రోడ్డు వెంట నున్న బట్టల బజారులకు తానులను చేర్చు తోపుడుబండ్లవారు, ఒడిశాలోని గంజాం సీమనుండి వచ్చి మరమగ్గముల మ్రోతలో రేయింబవళ్లు నిలుచువారు, మహారాష్ట్రములోని ఖాందేశమునుండి వచ్చినవారు. వారితో పాటు తెలంగాణమునుండి తరలి వెళ్లి లింబాయత్ ప్రాంతమున స్థిరపడిన పద్మశాలి కుటుంబములును కలవు. నగరపాలక సంఘపు పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, ఒడియా మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమమును ఏర్పడినదనిన, ఆ వీధులలో తెలుగు మాట ఎంతగా పాతుకొన్నదో ఊహింపవచ్చును. చిత్రములోని చుక్కలలో కొన్ని తెలుగు చుక్కలు.

ఈ పద్మశాలీలు బొమ్మ యెరుగని జనము కారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డపై వ్రాసిన పటములను కూనపులివారు ఊరూర విప్పి, మార్కండేయుని కథను, భావనాఋషి కథను వారికి గానము చేసి వినిపించెడివారు. ఆ పటములో నేతగానికి ముఖమున్నది, వంశమున్నది, కథ యున్నది. తమ కులపురాణమును మూరలకొలది బొమ్మలలో చూచుకొన్న జనము, బ్రతుకుతెరువుకై వెళ్లిన నగరపు చిత్రములో ఒక చుక్కకు మించి చోటు పొందలేదు. ఏది అనాగరక కళ, ఏది నాగరక కళ యని తీర్పుచెప్పువారు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూతురుగాక.

చిత్రకారుడు జనాభా లెక్కల గుమాస్తా కాడని కొందరు ప్రతివాదము చేయుదురు. నిజమే, రేఖకు ప్రాణము విడిచిపెట్టుటలోనే యున్నది. కాని పది మంది చిత్రకారులు పది చోట్ల కూర్చుండి అదే మనిషిని విడిచిపెట్టినచో దానిని కళాసంయమనమనుట చెల్లదు, అది అలవాటు. సిరా గీతకు గుంపులో ముఖములు లొంగవను మాటయు నిలువదు. మారియో మిరాండా బొంబాయి గుంపులలో ఒక్కొక్కనికి ఒక్కొక్క ముక్కును, ఒక్కొక్క నడకను ఇచ్చినాడు. 1943 నాటి వంగదేశపు కరవును చిత్తప్రసాద్ నల్లసిరాతోనే గీచినాడు. ఆ చిత్రములున్న పుస్తకపు ప్రతులను ఆంగ్ల ప్రభుత్వము నాశనము చేయించినది. చుక్కలకు జంకి ఏ ప్రభుత్వము పుస్తకమును కాల్చును?

సూరత్ నగరమునకు ఇట్టి మెత్తదనము సహజము కాదు. 1833లో అచట పుట్టిన నర్మద్ కవి తన నగరపు చరిత్రను సంగ్రహముగా వ్రాసినాడు; 1864లో ‘దాండియో’ పత్రికను నెలకొల్పి తన సమాజపు దోషములను మొగమాటము లేక ఎత్తిచూపినాడు. ఊరిని ప్రేమించుటయు ఊరిని నిలదీయుటయు ఆయనకు ఒకే పని.

1994 సెప్టెంబరులో ప్లేగు భయమున లక్షలకొలది జనులు సూరత్‌ను విడిచి పారిపోయిరి. 2020 ఏప్రిలులో లాక్‌డౌను నాడు పనియు కూలియు లేని వలస కార్మికులు తమ్ము ఊళ్లకు పంపుడని వీధులకెక్కిరి. పనివారు తరలిన దినములలో సూరత్ వీధి ఈ చిత్రములను పోలియుండెను. భవనములన్నియు యథాస్థానమున నుండగా మనిషి లేడు. ఆ దృశ్యమును సుందరమనుటకు నోరెట్లాడును? గోడమీద వ్రేలాడదీసినప్పుడు మాత్రము అదియే సుందరమగుచున్నది.

కోటను గీయవలదని ఎవ్వరును కోరుట లేదు. గీయువాడు ఒక్క దినము కోటకు వీపు త్రిప్పి కూర్చుండవలెను. తానులు కట్టలుగా కట్టు వేళ బజారు గుమ్మమునను, పాళీ మారు వేళ లింబాయత్ సందులోను కాగితమును పరచవలెను. వెలియని సిరాతో మనుషుల ముఖములను గీచి, మిగిలిన మార్కరు రంగును గోడలకు పూయవచ్చును. గోడలు వెలిసినను నష్టము లేదు; వానిని గీచినవారు ఇదివరకే చాలమంది యున్నారు.