జెనిన్ సినిమా హాలును కూల్చింది సైన్యం కాదు

వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్ పేరు వార్తల్లోకి వచ్చిందంటే బుల్‌డోజర్ కూడా వెంటే వస్తుంది. 2002లో అక్కడి శరణార్థి శిబిరం నడిబొడ్డును ఇజ్రాయెల్ సైన్యం నేలమట్టం చేసింది. 2025 జనవరిలో మొదలైన సైనిక చర్యతో శిబిరం దాదాపు ఖాళీ అయింది. కానీ ఎంతో ఆర్భాటంగా బాగుచేసి తెరిచిన ‘సినిమా జెనిన్’ 2016 చివర్లో నేలకూలింది షాపింగ్ కాంప్లెక్స్ కోసం. టాకీసులు కల్యాణ మండపాలుగా మారడం చూసిన తెలుగువాళ్లకు ఇది తెలిసిన కథే.

1960ల్లో పాలస్తీనాలోని పెద్ద హాళ్లలో అదొకటి. 1987లో తొలి ఇంతిఫాదాతో మూతపడింది. 2005లో బొమ్మ తుపాకీ పట్టుకున్న ఒక జెనిన్ బాలుడిని ఇజ్రాయెల్ సైనికులు కాల్చి చంపారు. కొడుకు అవయవాలను తండ్రి ఇజ్రాయెల్‌లోని రోగులకు దానం చేశాడు. ఈ ఉదంతంపై ‘హార్ట్ ఆఫ్ జెనిన్’ డాక్యుమెంటరీ తీసిన జర్మన్ దర్శకుడు మార్కస్ వెటర్, దాన్ని ఆ ఊళ్లో చూపిద్దామంటే హాలే లేదు. దాంతో పాత హాలుకు మరమ్మతులు మొదలయ్యాయి. జర్మనీ విదేశాంగ శాఖ డబ్బిచ్చింది, పింక్ ఫ్లాయిడ్ గాయకుడు రోజర్ వాటర్స్ సాయం చేశారు, దేశదేశాల నుంచి వాలంటీర్లు వచ్చారు. 2010 ఆగస్టు 5న హాలు మళ్లీ తెరుచుకుంది.

చిక్కు ఆ తర్వాతే మొదలైంది. కుర్చీలకు, ప్రొజెక్టర్‌కు చందాలు ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఖాళీ ఆటల నష్టం భరించేవాళ్లు దొరకరు. 23 ఏళ్లలో ఒక తరం హాలు ముఖమే చూడకుండా పెరిగింది. ఇళ్లలోకి డిష్ టీవీ, డీవీడీలు వచ్చాయి. విదేశీ డబ్బుతో నడిచే ఈ హాలు ఇజ్రాయెల్‌తో రాజీకి ముసుగేమోనన్న అనుమానం కొందరిది. ఆడామగా కలిసి కూర్చునే చోటు మరికొందరికి నచ్చలేదు. 2011 ఏప్రిల్‌లో శిబిరంలోని ఫ్రీడమ్ థియేటర్ దర్శకుడు జూలియానో మెర్-ఖమీస్‌ను ముసుగు మనిషి కాల్చి చంపడంతో భయం కూడా తోడైంది.

అయితే అసలు దెబ్బ కొట్టింది, విచిత్రంగా, ప్రశాంతత. 2009లో జలామా చెక్‌పోస్టు నుంచి కార్లను అనుమతించాక ఇజ్రాయెల్‌లోని అరబ్బులు సరుకులు కొనడానికి జెనిన్‌కు రావడం మొదలైంది. బజారు పుంజుకుంటే ఊరి మధ్య స్థలానికి గిరాకీ పెరగక మానదు. మరమ్మతు చేసినవాళ్లకు ఆ స్థలం మీద హక్కు లేదు. అది ప్రైవేటు యజమానులది. వాళ్లు అమ్మేశారు.

ఇక్కడా పేచీ అదే. 2025 మే నెలలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అద్దె వద్దు, వసూళ్లలో శాతం ఇవ్వాలంటూ జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు. తర్వాత వెనక్కి తగ్గారు. పైకి అది వాటాల గొడవ. లోపల ఉన్నది జనం రాని రోజు నష్టం ఎవరిదన్న ప్రశ్న. సింగిల్ స్క్రీన్లను కాపాడాలనేవాళ్లు ఏసీ, డాల్బీ, కొత్త సీట్ల గురించే ఎక్కువ మాట్లాడతారు. స్థలం ఎవరి పేరు మీద ఉంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్నవి మొదట తేలాల్సినవి.

సినిమా జెనిన్ రెండో జన్మ ఆరేళ్లే. తాళం పడి ఉన్న 23 ఏళ్లూ ఆ గోడలు నిలిచే ఉన్నాయి.