ముడి వేసిందెవరు?

ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్ గదిలో ఐదుగురం ఒక లాప్‌టాప్ ముందు చేరి పెడ్రో అల్మొదోవార్ సినిమా 'ఆతామె' చూశాం. పడీ పడీ నవ్వాం. స్త్రీల మనసు తెలిసిన దర్శకుడని అప్పటికే చదివి ఉన్నాం కాబట్టి నవ్వొచ్చనుకున్నాం. ఈమధ్య పాఠం చెప్పడం కోసం మళ్ళీ చూస్తే ఆ నవ్వు గొంతుకి అడ్డం పడింది.

1990లో విడుదలైన ఈ స్పానిష్ సినిమా కథ చిన్నదే. మానసిక చికిత్సాలయం నుంచి బయటికొచ్చిన రికీ, ఒకప్పుడు నీలిచిత్రాల్లో నటించిన మరీనా ఇంట్లోకి చొరబడతాడు. కొడతాడు. మంచానికి కట్టేస్తాడు. తనని ప్రేమించేదాకా వదలనంటాడు. ఆమె నొప్పికి మందు తేబోయి, తన్నులు తిని నెత్తురోడుతూ తిరిగొస్తాడు. ఆ గాయాలు చూసి మరీనా కరిగిపోతుంది. కొట్టినవాడికే కట్టు కట్టే ఓర్పుని ప్రేమ అనడం మనకేమన్నా కొత్తా? వెంటపడి వేధించే హీరోల మీద మనం ఎన్ని వ్యాసాలు రాయలేదు! అదే పని మాడ్రిడ్‌లో, అందమైన రంగుల్లో జరిగితే దానికి 'కళ' అని మినహాయింపు ఎందుకిచ్చాం?

ఇది నిజం కాదు, పెళ్ళికి రూపకం అంటారు అభిమానులు. ఒప్పుకుంటాను. 1975 దాకా స్పెయిన్‌లో పెళ్ళయిన స్త్రీ బ్యాంకు ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాలి. విడాకుల చట్టం 1981లో గానీ రాలేదు. మూడు ముళ్ళు ఎరిగిన మనకి ఆ తాడు అర్థం కాకపోదు. కానీ ముడి ఎవరు వేశారో అడగని రూపకం ఎవరికి పనికొస్తుంది? ఈ సినిమా ముడిని ఇంకా బిగించి, చివర్లో కారులో అందరిచేతా పాట పాడించి, శుభం పలికేస్తుంది.

అసలు మోసం పేరులోనే ఉంది. 'ఆతామె' అంటే 'నన్ను కట్టెయ్' అని. రికీ బయటికెళుతుంటే, పారిపోతానేమోనని తనని కట్టెయ్యమని మరీనాయే అడుగుతుంది. కట్టినవాడి నేరం కట్టించుకున్నదాని కోరికగా మారిపోయింది! పారిపోయే వీలున్న మనిషి చెప్పే 'ఊ' వేరు, తాడు కింద నేర్చుకున్న 'ఊ' వేరు.

అమెరికాలో దీనికి 'ఎక్స్' రేటింగ్ ఇస్తే పంపిణీదారు మిరామాక్స్ కోర్టుకెక్కింది. గొడవంతా శృంగార దృశ్యాల గురించే. స్నానాల తొట్టిలో మరీనా తన ఒంటితో తాను సుఖపడే దృశ్యం కొందరికి అభ్యంతరమైంది. నిజానికి సినిమాలో ఇప్పటికీ వన్నె తగ్గనిది అదొక్కటే, అక్కడ ఆమెని ఎవరూ కట్టలేదు. స్త్రీ సుఖం బూతయింది, ఆమె నిర్బంధం హాస్యమైంది. ఆనాడు కళాస్వేచ్ఛ కోసం పోరాడిన ఆ సంస్థ అధిపతుల్లో ఒకడైన హార్వీ వైన్‌స్టీన్‌ని 2022లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ అత్యాచార నేరంలో దోషిగా తేల్చింది. ఎవరి స్వేచ్ఛ కోసం ఆ పోరాటమో ఇప్పుడైనా అడగొద్దూ?

ఈ సినిమాని నిషేధించమనడం లేదు. సెన్సారు కత్తెర ఎప్పుడూ ముందు మన మీదే పడుతుందని తెలుసు. కాలం మారింది కదా అని సర్దుకోమంటే మాత్రం ఒప్పుకోను. తాడు 1990లోనూ తాడే. అదే స్పెయిన్‌లో స్త్రీలు వీధుల్లోకొచ్చి పోరాడి, 2022లో 'అవునంటేనే అవును' అనే చట్టం సాధించుకున్నారు. తమ దేశపు గొప్ప దర్శకుడు రాయని సంభాషణని వాళ్ళే రాసుకున్నారు.

ఈ ఏడాది కూడా క్లాసులో ఈ సినిమా వేస్తాను. ఎక్కడ నవ్వారో గుర్తు పెట్టుకోమని పిల్లలకి ముందే చెబుతాను.