చెప్పులు విప్పించారు సరే, పాదం చూశారా?

మన ఊళ్లలో డాక్టరు గది ముందు ఒక బోర్డు ఉంటుంది. ‘చెప్పులు బయట విడువవలెను’. షుగర్ పేషెంటు బుద్ధిగా విప్పేసి ఒట్టికాళ్లతో లోపలికి వెళ్తాడు. పాదం ఇంత సులువుగా ఏ వైద్యుడికి దొరుకుతుంది? అయినా ఎవరూ వంగరు. ఫాస్టింగ్ ఎంత, తిన్నాక ఎంత అని అడుగుతారు, ఒక మాత్ర పెంచుతారు, ‘నెక్స్ట్’ అంటారు. ఆ బోర్డు పెట్టింది గదిలో టైల్స్ మాయకుండా ఉండటానికి.

కోపమొచ్చిందా డాక్టరు గారూ? రావాలి. మీ గోడ మీద డిగ్రీలు నేను లెక్కపెట్టాను. ఈ నెలలో ఎన్ని పాదాలు చేత్తో పట్టుకున్నారో మీరు లెక్కపెట్టండి.

మా పెద్దనాన్న పద్నాలుగేళ్లు ఒకే ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. ఫైలు లావెక్కింది. హెచ్‌బీఏ1సీ ఉంది, క్రియాటినిన్ ఉంది, ఈసీజీ ఉంది. పాదం గురించి ఒక్క ముక్క లేదు. బొటనవేలి కింద ఆనెకాయ, దాని లోపల చీము. నొప్పి లేదు కాబట్టి ఆయన చెప్పలేదు. ఆయన చెప్పలేదు కాబట్టి వాళ్లు చూడలేదు. ముందు వేలు తీశారు. తర్వాత మోకాలి కింది దాకా తీశారు. ఆ రోజు మాత్రం ఆ కాలిని చూడటానికి ఆరుగురు వచ్చారు.

ఏళ్ల తరబడి ఒంట్లో ఊరిన చక్కెర నరాలను తినేస్తుంది. మొదట తిమ్మిర్లు, అరికాళ్ల మంటలు. తర్వాత ఏమీ ఉండదు. ‘అమ్మయ్య, మంటలు తగ్గాయి’ అని సంబరపడే అమాయకులు ఎంతమందో! చెప్పులో రాయి పడినా సాయంత్రం దాకా తెలియదు, చెప్పే ఊడి దారిలో పడిపోయినా తెలియదు, కాళ్లు లాగుతున్నాయని వేడినీళ్లలో పెట్టుకుంటే బొబ్బలెక్కి తోలు ఊడొచ్చినా తెలియదు, పైగా రక్తనాళాలు పూడుకుపోయి ఉంటే ఆ పుండు మానదు. షుగర్ వల్ల కాలు పోగొట్టుకునేవాళ్లలో వందకి దాదాపు 85 మందికి ముందొచ్చేది ఒక పుండే. చూసి ఉంటే దొరికే పుండు.

దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. అంటే 20 కోట్ల పాదాలు. వాటిని పరీక్షించడానికి ఏ మహాయంత్రం కావాలి? 10 గ్రాముల ఒత్తిడికి వంగే ఒక నైలాన్ దారం. మోనోఫిలమెంట్ అంటారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు ఒకటి. పాదం పైన, చీలమండ వెనక నాడి పట్టుకునే రెండు వేళ్లు. ఐదు నిమిషాలు, ఏడాదికి కనీసం ఒకసారి; స్పర్శ పోయినవాళ్లకి ఇంకా తరచుగా. ఎమ్మారై అయితే ఎగబడి కొనేవారు. దారానికి బిల్లు ఎంతని వేస్తారు పాపం!

విదేశీ విద్య అనకండి. కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు వచ్చి కుష్ఠు రోగుల పాదాలు పట్టుకుని చూశాడు. వేళ్లు వాటంతటవి రాలిపోవడం లేదని, స్పర్శ పోయిన పాదాన్ని మనిషే తెలియక తొక్కి తొక్కి పాడుచేసుకుంటున్నాడని చెప్పాడు. షుగర్ కాలికీ అదే పాఠం. ఈ రోజు మీరు కొనే ఎంసీఆర్ చెప్పుల మెత్తటి రబ్బరు అట్ట ముందు ఆ కుష్ఠు రోగుల కాళ్ల కిందే ఒదిగింది. చిత్తూరులో బస్సెక్కితే దగ్గరే వెల్లూరు. ఆ పాఠం ఇంకా బస్సెక్కినట్టు లేదు.

అసలు పాదమంటే మనకు చిన్నచూపు. పాదాల్లోంచి పుట్టారని కోట్లమందిని కింద కూర్చోబెట్టిన దేశం, చెప్పు కుట్టేవాణ్ణి ఊరి చివరికి తోసిన దేశం, అదే దేశం మంత్రి కాళ్ల మీదా బాబా కాళ్ల మీదా బోర్లా పడుతుంది. గొప్పవాడి పాదానికి పూజ. రోగి పాదం ముట్టుకోవాలంటే నామోషీ!

ఇక మీరు. అవును, చదువుతున్న మీరే. కారు టైర్లలో గాలి వారం వారం చూసుకుంటారు, నాన్న అరికాలు ఎప్పుడు చూశారు? షుగరుండీ మాల వేసుకుని 41 రోజులు ఎండలో చెప్పుల్లేకుండా తిరిగే స్వామీ, స్పర్శ లేని కాలితో నడిస్తే స్వామి మెచ్చుకుంటాడని ఎవరు చెప్పారు? ఆయన చెప్పులు విప్పమన్నాడేమో, కాలు విప్పమనలేదు. ఆనెకాయను బ్లేడుతో కోసుకునే శూరులారా, కార్న్ క్యాపులు అంటించుకునే వీరులారా, మీ ధైర్యమంతా నొప్పి తెలియకపోవడం వల్ల వచ్చింది.

దమ్ముంటే ఇప్పుడే ఒక పని చేయండి. ఇంట్లో షుగరున్నవాళ్లను కళ్లు మూసుకోమనండి. రెండు పాదాలకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, ఆ కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు తేలిగ్గా తాకండి. గుచ్చొద్దు, గోకొద్దు. తాకినప్పుడల్లా చెప్పమనండి. తర్వాత అరికాళ్లు, వేళ్ల సందులు లైటు వేసి చూడండి. ఆ ఆరు చోట్లలో రెండింటికి జవాబు రాకపోతే, రేపు పొద్దున ఆ బోర్డున్న గదికి తీసుకెళ్లండి. చెప్పులు బయటే విప్పించండి. లోపలికెళ్లాక ఆ పాదాన్ని ఎత్తి, రిపోర్టుల మీదుగా, డాక్టరు గారి బల్ల మీద పెట్టండి.