అమ్మ పుట్టింటి పేరు రాసిపెట్టుకోండి

ఇక్కడ కాలిఫోర్నియాలో ఎవరైనా పోతే, రికార్డు వాళ్లు కాపురమున్న కౌంటీలో కాదు, ప్రాణం పోయిన కౌంటీలో ఉంటుంది. ఇల్లొక కౌంటీ, ఆస్పత్రి ఇంకో కౌంటీ అయితే ఆస్పత్రి ఉన్నచోటే వెతకాలి. 1905 జులైకి ముందువైతే కౌంటీల దగ్గరే చూడాలి, రాష్ట్రం రాయడం మొదలెట్టిందే అప్పుడు.

సరే, కాగితం దొరుకుతుంది. అందులో ఉన్నది నిజమేనా?

తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు అందులో రాస్తారు. మా రూమ్మేట్ పోయినప్పుడు వివరాలు చెప్పింది నేనే. వాళ్లమ్మ పుట్టింటి పేరు తెలీక అత్తింటి పేరే చెప్పేశా. ఊళ్లో వాడికి చిన్న కొడుకున్నాడు. పెద్దయ్యాక వెతికితే వాడికి దొరికేది నా తప్పు.

గదిలో అద్దె లెక్కలు పైసాతో సహా రాసుకుంటాం. అమ్మానాన్నల పేర్లు కూడా రాసుకుంటే ఏం పోతుంది?