జడ్జీగారి టెలిఫోనుపై పెత్తనం ఎవరిది?

బుగ్గారం నుంచో, కోరుట్ల నుంచో వాయిదాకు బస్సెక్కే రైతుకు పట్టా కాగితాలు, వకీలు ఫీజు, సాక్షి వస్తాడా రాడా అన్న బెంగ తప్ప మరొకటి తోచదు. జడ్జీగారి ఫోను ఎవరు వింటున్నారన్న ప్రశ్న ఎక్కడో హైదరాబాద్ వ్యవహారంలా కనిపిస్తుంది. కాని ఆ వ్యవహారం మన గడప దాకా వచ్చింది. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసులో అరెస్టయిన డీఎస్పీ, సస్పెండయ్యేనాటికి సిరిసిల్లలో పనిచేస్తున్నవారే. అంతకుముందు హైదరాబాద్‌లోని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఉండగా పలువురి ఫోన్లు దొంగచాటుగా విన్నారని, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారే వేళ హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని పోలీసుల అభియోగం. ఇది అభియోగమే గాని తీర్పు కాదు.

ఆ కేసులో హైకోర్టు న్యాయమూర్తి ఒకరి ఫోను వివరాలు కూడా సేకరించారని పత్రికల్లో వచ్చింది. దానిని రాష్ట్ర హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. 2024 జూన్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ అలోక్ అరాధే ధర్మాసనం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. విన్నారా లేదా అన్నది విచారణలో తేలే మాట. వినడానికి వీలుందా అంటే మాత్రం ఉంది.

ఎలాగంటారా? రాష్ట్రంలో ఎవరి ఫోను వినాలన్నా హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం చేశారు. అయినా ఈ పద్ధతి మారలేదు. ఉత్తర్వు సక్రమమా కాదా అని చూసే సంఘానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శే అధ్యక్షుడు. అనుమతించేదీ ప్రభుత్వ అధికారే, తప్పొప్పులు చూసేదీ ప్రభుత్వ అధికారులే. వినబడేవాడికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. సుప్రీంకోర్టు 1996లో పి.యు.సి.ఎల్. కేసులో, టెలిఫోను సంభాషణ మనిషి సొంత బతుకులో భాగమని, ఇష్టం వచ్చినట్లు వినరాదని చెప్పింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చారు. ఆ దావా వేసిన పుట్టస్వామిగారు స్వయంగా కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి.

ఇక మన రైతు సంగతి చూడండి. మధ్య మానేరు కింద భూమి పోయినవాడు నష్టపరిహారం చాలదని కోర్టుకెక్కితే ఎదుటి కక్షిదారు ఎవరు? ప్రభుత్వమే. ఆ కేసు వినే జడ్జీగారి ఫోను వినడానికి ఉత్తర్వు ఇవ్వగలిగేదెవరు? అదే ప్రభుత్వం. ఊళ్లో గట్టు తగాదాకు కూర్చున్న పెద్దమనిషి ఇంట్లో మాటలు ఒక పక్షంవాడు గోడ చాటున ఉండి వింటే, ఆ పంచాయితీని రెండో పక్షంవాడు ఒప్పుకుంటాడా? జడ్జీగారికి జబ్బు చేసిన తల్లి ఉండవచ్చు, అప్పు ఉండవచ్చు, కొడుకు పెళ్లి కుదరక బాధపడుతూ ఉండవచ్చు. ఇవన్నీ ఎదుటివాడికి తెలిస్తే బెదిరించనక్కరలేదు, తెలుసునని తెలిస్తే చాలు.

జడ్జీలకు మన దేశంలో రక్షణలు లేవని కాదు. 1985లో పార్లమెంటు చేసిన న్యాయమూర్తుల రక్షణ చట్టం, విధి నిర్వహణలో చేసిన పనికి వారిపై దావాలు వేయకుండా కాపాడుతుంది. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులపై కేసు పెట్టాలంటే ముందుగా భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలని 1991లో వీరాస్వామి కేసులో తీర్పు వచ్చింది. గుజరాత్‌లోని నడియాద్‌లో పోలీసులు ఒక మేజిస్ట్రేటును పట్టుకుని చేతులకు బేడీలు వేసిన ఉదంతం మీద, కింది కోర్టు జడ్జీల అరెస్టుకూ అదే ఏడాది సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. కేసుకు కట్టడి ఉంది, అరెస్టుకు కట్టడి ఉంది. ఫోనుకు మాత్రం జడ్జీల కోసమంటూ వేరే కట్టడి ఏదీ లేదు.

ఇళ్ల విషయమూ అంతే. 2021 జులై 28న ధన్‌బాద్‌లో ఉదయం నడకకు వెళ్లిన అదనపు జిల్లా జడ్జీ ఉత్తమ్ ఆనంద్‌ను ఆటోతో గుద్ది చంపారు. అమెరికాలో 2020 జులైలో ఎస్తర్ సాలస్ అనే జడ్జీ ఇంటికి సరుకు తెచ్చినవాడి వేషంలో వచ్చిన ఒక వకీలు, ఆమె కుమారుడు డేనియల్‌ను కాల్చి చంపాడు. జడ్జీల ఇంటి చిరునామాలు బజారున పడకుండా 2022 డిసెంబరులో అక్కడ ఆ పిల్లవాడి పేరుతోనే చట్టం తెచ్చారు.

అయితే గోప్యత పేరిట ఆస్తులు దాచుకుంటామంటే ఒప్పుకోరాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఆస్తుల వివరాలు 2025 మే నెలలో జనం ముందు పెట్టడం మంచి పని. అదే ఏడాది మార్చిలో ఢిల్లీలో ఒక హైకోర్టు న్యాయమూర్తి ఇంటి ఆవరణలో కాలిన నోట్లు దొరికాయన్న వార్త చదివినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఆస్తి లెక్క జనానిది. ఇంటి మాటలు, పిల్లల బడి, మందుల చీటీ జడ్జీగారివి.

కావలసిన సవరణ పెద్దదేమీ కాదు. ఏ జడ్జీ ఫోను వినాలన్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాతపూర్వక అనుమతి ఉండాలి. హైకోర్టు జడ్జీ అయితే భారత ప్రధాన న్యాయమూర్తి అనుమతి కావాలి. పరిశీలన సంఘంలో కార్యదర్శులకు బదులు రిటైరైన న్యాయమూర్తులు కూర్చోవాలి. మరి మామూలు మనిషి ఫోను మాటేమిటని అడగవచ్చు. ఆ సంఘం వస్తే ఆయనకూ మేలే.

టెలిఫోను కేంద్రం పరిధిలోనిది గనుక ఇది పార్లమెంటు చేయవలసిన పని. జగిత్యాల, కోరుట్లవారి ఓట్లు నిజామాబాద్ స్థానంలో, బుగ్గారంవారివి పెద్దపల్లిలో, సిరిసిల్లవారివి కరీంనగర్‌లో పడతాయి. ఈ ముగ్గురు సభ్యులూ ఊళ్లకు వచ్చినప్పుడు రోడ్లు, రైళ్లతో పాటు ఈ సవరణ మాటా అడగండి.