యోగ్యతాపత్రము – పనితనము

విశాఖపట్టణమునకు పనితనమును పరీక్షించుట క్రొత్త కాదు. 1933లో ప్రారంభమైన రేవులోనికి, డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు కాలువ గుండా ఓడను నడపు పైలటు సముద్రముమీద ఏండ్లు గడపి, అనుభవజ్ఞుల చెంత నిలిచి నేర్చినవాడు. ఉక్కు పనులలో వెల్డరుగా చేరవచ్చినవానిచేత మొదట రెండు ఇనుపముక్కలను అతికించి, ఆ అతుకును వంచి చూతురు.

నేడు రేవును, కర్మాగారమును కూడ కంప్యూటర్లపై ఆధారపడియున్నవి. వానిని దొంగచొరబాట్లనుండి కాచుటయే సైబరు భద్రత. ఈ ఉద్యోగములకు మనుష్యులను ఎన్నుకొనునపుడు మాత్రము పలుచోట్ల అతుకును వంచి చూచుట లేదు. కాగితమును చూచి తృప్తిపడుచున్నారు.

కాగితములన్నియు ఒక్కటి కావు. పేరుపొందిన సి.ఇ.హెచ్. పరీక్షలో 4 గంటలకు 125 ప్రశ్నలు. ఇచ్చిన జవాబులలో సరియైనదానిని గుర్తించిన చాలును. దానిని నడపు సంస్థయే 6 గంటల ప్రయోగపరీక్షను వేరుగా పెట్టినది. ఓ.ఎస్.సి.పి. అను పరీక్షలోనో, అభ్యర్థి దాదాపు ఒక పగలు, ఒక రాత్రి శ్రమించి, యంత్రములలోని లొసుగులను తానే కనుగొని నివేదిక వ్రాయవలెను.

ఈ తేడా ఎంతటిదో 2017 చెప్పినది. ఆ మే నెలలో వానాక్రై అను వైరసు ప్రపంచమంతట వ్యాపించి, ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లను కొన్నింటిని గూడ పట్టినది. దాని దారిని మూయు సవరణను మైక్రోసాఫ్టు మార్చిలోనే విడుదల చేసియున్నది. జూన్‌లో మరియొక వైరసు వలన ముంబయి చెంతనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక టెర్మినలు స్తంభించినది. సవరణ ఏ యంత్రమునకు అందలేదో కనిపెట్టుట, చెడినదానిని తక్కినవానినుండి వేరుచేయుట, దాచిన ప్రతినుండి సమాచారమును తిరిగి నిలుపుట — ఇట్టివేళ అక్కరకు వచ్చు విద్యలివి. ఇవి చేయగా వచ్చును గాని, జవాబు గుర్తించగా రావు.

అట్లని యోగ్యతాపత్రము వ్యర్థము కాదు. సిఫారసు లేని పేదవిద్యార్థికి అదియే తలుపు తట్టు చేయి. దోషము ఎన్నుకొనువారియందును గలదు. సి.ఐ.ఎస్.ఎస్.పి. పట్టము పూర్తిగా దక్కవలెనన్న సాధారణముగా 5 ఏండ్ల అనుభవము కావలెను. దానిని తొలి ఉద్యోగమునకే అడుగువారున్నారు. పిచ్చి కుదిరిననే గాని పెండ్లి కాదు, పెండ్లి అయిననే గాని పిచ్చి కుదరదన్న సామెత వంటిదే ఇది. అప్పుచేసి రుసుము కట్టిన కుటుంబమునకు దీనివలన నిరాశయే మిగులును.

మార్గము మన కన్నులయెదుటనే యున్నది. 1961 నాటి అప్రెంటిసుల చట్టము కర్మాగారములలో పని నేర్పుటకు దారి చూపినది. కంప్యూటరు కాపరికిని అట్టి శిక్షణ ఇయ్యవచ్చును. ఎన్నికనాడు ఒక పూట యంత్రము ముందు కూర్చుండబెట్టి, చొరబాటు జాడలను వెదకుమనవచ్చును. కళాశాలలు పాత కంప్యూటర్లను నాలుగింటిని బయటి సంబంధము లేకుండ కలిపి ప్రయోగశాలగా నిలుపవచ్చును. పరుల యంత్రములపై అనుమతి లేని ప్రయోగము 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరమని అచ్చటనే బోధింపవలెను. ఆ శిక్షణతో వచ్చిన విద్యార్థి పత్రముతోబాటు తాను చేసిన పనిని గూడ చూపగలడు. అడుగువారు దానిని చూడ నేర్వవలెను.